అశోకవనమున హనుమంతుడు ఎన్నుకొన్న భాష

హనుమంతుని వాక్కును గూర్చి ప్రస్తావన వచ్చినపుడెల్ల పెద్దలు శ్రీమద్రామాయణమునందలి కిష్కింధాకాండ మూడవ సర్గను స్మరింతురు. పంపాతీరమున ధనుర్ధారులై సంచరించుచున్న అన్నదమ్ములను చూచి ఋశ్యమూకముపై సుగ్రీవుడు భీతిల్లెను. వారెవరో తెలిసికొని రమ్మని పంపగా హనుమంతుడు భిక్షురూపమున వారి యెదుటికి వచ్చి మాటలాడెను. శ్రీరామచంద్రుడు ఆ మాటలకు తాను బదులు చెప్పక, లక్ష్మణుని వైపు తిరిగి, ఆ వచ్చినవాని వాక్కును కొనియాడెను. ఋగ్వేదమున శిక్షణ లేనివాడు, యజుర్వేదమును ధరింపనివాడు, సామవేదమును ఎఱుగనివాడు ఇట్లు మాటలాడజాలడనెను. ఇతడు వ్యాకరణమును సంపూర్ణముగ పలుమారులు వినియుండవలెను, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దమైనను దొరలలేదనెను.

అంతటితో ఆగలేదు. ముఖమునగాని, కన్నులయందుగాని, నొసటగాని, కనుబొమలయందుగాని ఏ వికారమును కానరాలేదట. మాటలో అతివిస్తరము లేదు, సందేహమునకు తావు లేదు, సాగదీత లేదు, తొందర లేదు. హృదయమునుండి కంఠమునకు వచ్చి మధ్యమస్వరమున వెలువడినది. కత్తి దూసిన శత్రువు చిత్తమునైనను అట్టి వాక్కు ప్రసన్నము చేయునని స్వామి పలికెను. సంస్కృత పాఠశాలలలో ఈ ఘట్టమును బాలురచే వల్లె వేయించుట పరిపాటి. ఉచ్చారణమునకును, ముఖభంగిమకును, స్వరమునకును ఇంతకన్న మంచి పాఠము వేఱొకటి దొరకదు.

అయితే ఈ ఘట్టమును చదివినంతనే హనుమంతుని వాక్కు యొక్క గొప్పతనము మనకు తెలిసిపోయినదని తలంపరాదు. అక్కడ వినువాడు శ్రీరాముడు. సర్వము తెలిసినవాడు, దేనికిని వెఱవనివాడు, వచ్చినవాని విద్యను చూచి సంతోషింపగలవాడు. అట్టి శ్రోత దొరికినపుడు పాండిత్యము రాణించుట ఆశ్చర్యము కాదు. వక్తకు అసలు పరీక్ష సుందరకాండ ముప్పదవ సర్గలో వచ్చినది. ఋశ్యమూకము చెంత ఏ విద్య ద్వారమును తెఱచినదో, లంకలో ఆ విద్యయే ద్వారమును మూసివేయనున్నది. హనుమంతుడు ఆ సంగతిని నోరు తెఱవకముందే గ్రహించెను.

సందర్భమును కొంచెము నెమ్మదిగ చూడవలెను. హనుమంతుడు సీతమ్మను చూచినది చాల ముందు. చూచినవెంటనే దిగివచ్చి పలుకరింపలేదు. శింశుపావృక్షపు ఆకుల చాటున దాగి ఆ రాత్రి మిగిలిన కాలమంతయు విన్నాడు. రావణుడు వచ్చి ప్రలోభపెట్టుట విన్నాడు, బెదరించుట విన్నాడు. రాక్షసస్త్రీలు చుట్టుముట్టి తినివేయుదుమని అఱచుట విన్నాడు. త్రిజట తన స్వప్నమును చెప్పుట విన్నాడు. సీతమ్మ ఏడ్పు విన్నాడు. ఆమె తన జడనే ఉరిత్రాడుగ చేసికొని ప్రాణములు విడువ తలచునంతవరకు వచ్చినది. ఇక ఆలస్యము చేసిన ఆమె దక్కదు. మాటలాడక తిరిగిపోయినచో రాముడు, సీత నన్ను గూర్చి ఏమనెనని అడుగును. ఏమి చెప్పవలెను? మాటలాడవలసినదే. కాని ఎట్లు?

ఇక్కడ ఆయన చేసిన ఆలోచన ఎంత సూక్ష్మమైనదో గమనింపుడు. "నేను మిక్కిలి చిన్న దేహముతో నున్నాను, పైగా వానరుడను. ద్విజునివలె సంస్కృతమున పలికితినా, సీతమ్మ నన్ను రావణుడనుకొని భయపడును. కనుక అర్థవంతమైన మానుషవాక్కునే పలుకవలెను" అని నిశ్చయించుకొన్నాడు.

రావణుడు మూర్ఖుడు కాడు. వేదములు చదివినవాడు. పైగా పంచవటిలో సీతమ్మ యెదుటికి వచ్చినపుడు పరివ్రాజక వేషమున వచ్చెను. కాషాయమును, కమండలమును చూచి ఆమె అతిథియని అర్ఘ్యపాద్యములిచ్చెను. ఆ మర్యాదకు ఫలము లంకావాసము. ఒకసారి సాధువేషము చేతను, చదువుకొన్న మాటల చేతను వంచింపబడినవారికి ఆ వేషమును, ఆ మాటలను మరల చూచినపుడు కలుగునది గౌరవము కాదు, వణకు. హనుమంతుడు రామునికడకు భిక్షురూపమున వచ్చెనుగదా. ఆ రూపమునే అశోకవనమున ధరించియుండినచో ఏమై యుండెడిది? ఆయన దానిని తలంపనుకూడ తలంపలేదు. ఆ మాటలాడునది ఎవరికో, వారికి ఇదివఱకు ఏమి జరిగినదో ఎఱిగి, తన విద్యలో ఏది పైకి తీయవలెనో, ఏది మూటగట్టి ప్రక్కన పెట్టవలెనో నిర్ణయించుకొన్నాడు. తొమ్మిది వ్యాకరణములు నేర్చినవాడని లోకము చెప్పుకొను మహాత్ముడు ఆనాడు తన వ్యాకరణమును చెట్టుకొమ్మపై దాచిపెట్టెను.

ఆ సర్గలోనే మఱియొక మాట కలదు. సిద్ధింపబోవు కార్యములుసైతము వివేకము లేని దూత చేతిలో పడి సూర్యోదయమున చీకటివలె నశించునని, తాము పండితులమని తలంచు దూతలు పనులను చెఱతురని హనుమంతుడు తనకు తాను చెప్పుకొనును. చదువులేనివాడు చెఱచుననలేదు సుమా! పండితుడననుకొనువాడు చెఱచుననెను. ఉపన్యాసవేదికలెక్కు పండితులు ఈ వాక్యమునొద్ద కొంత ఆగుట మంచిది. తమ శాస్త్రమును ప్రదర్శించుట ముఖ్యమా, ఎదుటనున్న ప్రాణికి వార్త చేరుట ముఖ్యమా అను ప్రశ్న అక్కడ వారికొఱకే ఉంచబడినది.

మానుషవాక్కు అనగా ఏది? శ్రీవైష్ణవులకు ప్రమాణమైన రామాయణ వ్యాఖ్యాత గోవిందరాజులు దీనిని కోసలదేశమున జనులు మాటలాడు వాక్కుగ వివరించిరి. అది సీతమ్మకు పరిచయమైన మాట గనుక హనుమంతుడు దానిని ఎన్నుకొనెనని వారి భావము. మిథిలలో పుట్టి అయోధ్యలో మెట్టిన ఆ తల్లికి అత్తవారింటి మాట అది. దాసీజనులు, అత్తలు, మరదులు, వీధిలోని ప్రజలు పలికిన మాట. రాక్షసుల నడుమ పది నెలలుగ ఆ ఉచ్చారణ ఆమె చెవిని సోకలేదు. చెట్టుపైనుండి ఆ మాట వినబడుట అనగా ఇల్లు వినబడుటయే. తిరుమలలో అంజనాద్రి శిఖరమున, శ్రీవేంకటనాయకుని వాకిట, మారుతి సన్నిధిలో తమకు ఈ వ్యాఖ్యానము రచింప ప్రేరణ కలిగెనని గోవిందరాజులు గ్రంథారంభమున చెప్పుకొనిరి. మహాద్వారమునకెదురుగ బేడి ఆంజనేయస్వామికి నమస్కరించి ముందుకు సాగు యాత్రికులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును.

ఇంటి మాటకు గల బలమును చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములవారికి వేఱుగ బోధింప నక్కఱలేదు. అది మూడు భాషల కూడలి. ఇంట తెలుగు, పడమటి సంతకు పోయిన కన్నడము, దక్షిణమునకు దిగిన అరవము. పెరటాసి నెలలో తిరుమల శనివారములు వచ్చినపుడు అక్కడి గృహములలో వేంకటేశ్వరునకు తళిగ వేయుదురు. తళిగ అను ఆ మాటయే శ్రీవైష్ణవుల వంటయింటినుండి వచ్చిన ద్రావిడపదము. అది ఎన్నడో తెలుగింటి మాటయైపోయినది. ఏ ముత్తైదువయు దానిని పరభాషాపదమని తలంపదు.

అట్టి సీమలోను పొరపాట్లు రాకపోవు. తూర్పు జిల్లాల పెద్దలున్న ఒక ఇంటికి ముళబాగిలు వైపునుండి కోడలు వచ్చినదనుకొందము. విస్తరిలో అన్నము వడ్డింపబోవగా ఆ పిల్ల "సాకు" అన్నది. కన్నడమున దానికి చాలునని అర్థము. తెలుగున సాకనగా నెపము. అన్నము తినుటకు నేను సాకు చెప్పుచున్నానా అని అత్తగారు నొచ్చుకొన్నది. చౌడేపల్లెలో పుట్టిన ఏ పిల్లవాడైనను నవ్వి ఈ చిక్కును విడదీయగలడు. పదముల వలన కలుగు అడ్డు ఇంతే. తెలిసినవాడు ఒక్కడున్న చాలును, అది నవ్వుతో తొలగును. కాని ఆ నవ్వు రాకముందే అత్తగారి మనస్సులో, ఈ పిల్లకు గర్వము అను తలంపు పాదుకొన్నచో, అటుపై కోడలు ఎంత చక్కని తెలుగు నేర్చినను ఆ మాట లోనికి పోదు. మాటకు నిజమైన అడ్డు నాలుకయందు లేదు, వినువాని భయమునందును అనుమానమునందును ఉన్నది. హనుమంతుడు ఆ రాత్రి పోరాడినది ఆ రెంటితోనే.

ఆ సీమకు ఉత్తరమున, పట్టాభిరాముడు వెలసిన వాల్మీకిపురమునకు చేరువలో తరిగొండ కలదు. 18వ శతాబ్దిలో అక్కడ నరసింహస్వామి సన్నిధిలో పెరిగిన వెంగమాంబ తిరుమల చేరి, సంస్కృత పురాణములయందున్న వేంకటాచల మాహాత్మ్యమును తెలుగున కావ్యముగ రచించినది, భాగవతమును ద్విపదగ పాడినది, యక్షగానములు వ్రాసినది. చిన్ననాట గురువులకడ అక్షరములు నేర్వలేదని తానే విన్నవించుకొన్న ఆ బాలవితంతువు ద్విపదను ఊరక ఎన్నుకొనలేదు. దంపుడుకడ, దొడ్డిలో, దారి నడకలో స్త్రీలు పాడుకొనగలిగినది ద్విపద. నేటికిని తిరుమలలో ఏకాంతసేవవేళ ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. స్వామివారి పురాణము పల్లెటూరి గృహిణి చెవికి చేరుటకు ఆ మానుషవాక్కు కావలసి వచ్చినది. మన ఆచార్యులును ఇదే త్రోవను నడచిరి. సంస్కృతమున శ్రీభాష్యమును కాపాడిన సంప్రదాయమే, సంస్కృతము రానివారికొఱకు మణిప్రవాళమున వ్యాఖ్యానములను వ్రాసినది. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులుగ గోదాదేవి తిరుప్పావై వినబడుటయు ఇట్టిదే.

తిరిగి అశోకవనమునకు పోవుదము. భాషను ఎన్నుకొన్నంత మాత్రమున పని కాలేదు. ఏ మాటతో ఆరంభింపవలెను? "అమ్మా, భయపడకుము" అని ఆయన ఆరంభింపలేదు. భయపడకుమను మాట వినబడినంతనే భయపడువారు కలరు. "నేను హనుమంతుడను" అనియు ఆరంభింపలేదు. ఆమెకు హనుమంతుడెవరో తెలియదు. దశరథుడను రాజు ఉండెనని కథ ఎత్తుకొన్నాడు. రథములు, గజములు, తురగములు గల పుణ్యశీలుడైన రాజు, ఆయనకు ప్రియమైన జ్యేష్ఠపుత్రుడు రాముడు, తండ్రి సత్యము కొఱకు భార్యతోను తమ్మునితోను వనమునకు పోవుట, జనస్థానమున రాక్షసవధ, మాయామృగము, జానకీహరణము, సుగ్రీవ సఖ్యము, వాలివధ, వానరులను నలుదెసలకు పంపుట. ఇదంతయు చెప్పి చివరన, సంపాతి మాటను బట్టి నూఱు యోజనముల సముద్రమును దాటి వచ్చితిననియు, రాఘవుడు చెప్పిన రూపమును, వర్ణమును, లక్షణములును గల ఆమెను కనుగొంటిననియు పలికి ఊరకుండెను. తన ప్రసక్తి అంతటికిని కడపట వచ్చినది. తన మాట ముగియగనే మౌనము వహించెను. బదులు చెప్పుటకు ఆమెకు చోటిచ్చెను.

మఱొక విశేషము. ఆయన దాగియుండి పలికినాడు గనుక ముందు మాట ఆమె చెవిని చేరినది, పిదప రూపము కంట పడినది. ఆమెకు అత్యంతప్రియమైన నామము మొదట చేరి, ఆ తరువాత వానరరూపము కానవచ్చెను. ఈ క్రమము తాఱుమాఱైనచో ఏమగునో ఆయన ముందే ఊహించియున్నాడు. ఆమె అఱచును, రాక్షసస్త్రీలు ఆయుధములతో మూగుదురు, యుద్ధమగును, వార్త ఆగిపోవును.

ఇంత జాగ్రత్త పడినను అడ్డు ఒక్కసారిగ తొలగలేదు. సీతమ్మ తలయెత్తి చూచి కలయేమోననుకొనెను. నిద్రయే లేనిదానికి కల ఎక్కడిదని తానే తర్కించుకొనెను. హనుమంతుడు దిగివచ్చి నమస్కరించి, తల్లీ నీవెవరవని అడిగెను. తెలియక అడుగలేదు, ఆమె నోట ఆమె కథను పలికించుటకు అడిగెను. ఆమె చెప్పినది. అంతట ఆయన సంతోషముతో కొంచెము దగ్గఱకు జరిగినాడు. ఆయన అడుగు అడుగునకు దగ్గఱైనకొలది ఆమెకు శంక పెరిగినదని మహర్షి వర్ణించెను. పట్టుకొనియున్న కొమ్మను విడిచి నేలపై కూలబడినది. జనస్థానమున పరివ్రాజకుడవై వచ్చిన రావణుడవు నీవే కావలయునని అన్నది. ఇంతవఱకు కుదిరిన విశ్వాసము నాలుగడుగుల తొందరతో జాఱిపోయినది! హనుమంతుని వంటి దూతకే ఇట్లైనపుడు సామాన్యుల మాట చెప్పనేల?

అపుడాయన కోపగింపలేదు. ఇంత దూరము సముద్రము దాటి వచ్చితిని, నన్ను నమ్మవా యని నిష్ఠురమాడలేదు. ఆమె అనుమానమును తన కవమానముగ తీసికొనలేదు. ఆమె రామలక్ష్మణుల గుర్తులు చెప్పుమని అడిగెను, నరులకును వానరులకును చెలిమి ఎట్లు కుదిరెనని అడిగెను. ప్రతి ప్రశ్నకును బదులిచ్చెను. రాముని అంగప్రత్యంగములను, స్వభావమును, ఆమె ఆకాశమునుండి ఋశ్యమూకముపై జాఱవిడిచిన ఆభరణములను, వానిని చూచి రాముడు విలపించుటను ఓర్పుతో చెప్పెను. అటుపిమ్మట గాని ఉంగరము బయటికి రాలేదు. కొందఱు కథకులు ఉంగరము చూపగానే సీతమ్మ నమ్మెనని క్లుప్తముగ చెప్పివేయుదురు. అది సరికాదు. ఉంగరమును దొంగయు తేగలడు. మాట నమ్మకమును సిద్ధము చేసిన పిదపనే ఉంగరము సాక్ష్యమైనది.

ఈ కథను గృహస్థులు తమ యిండ్లకు కొనిపోవలసిన చోటు ఒకటి కలదు. బిడ్డను కోల్పోయిన తల్లియొద్దకు పరామర్శకు పోయి, ఆత్మ నిత్యము, దేహము అనిత్యము అని ఉపదేశించు పెద్దలు కలరు. చెప్పునది సత్యమే. శాస్త్రసమ్మతమే. కాని ఆ సమయమున ఆ తల్లి చెవిలో అది రాతివలె పడును. ఆమె తల వంచుకొనును. పెద్దలు ఆమెకు శాంతి కలిగెనని తలంచి లేచిపోవుదురు. హనుమంతుని మార్గమున పోవువాడు ముందు ఆమె చెంత కూర్చుండును, ఆమె చెప్పుకొనునది వినును. పిదప ఆ బిడ్డ పేరెత్తును. వాడు ఫలానా ఉత్సవమున స్వామివారి పల్లకివెంట పరుగెత్తినాడమ్మా, నేను చూచితినని చెప్పును. ఆమె ఏడ్చును. ఏడ్చిన పిదప మాటలాడును. వేదాంతమునకు వేళ వచ్చినచో అది తరువాత వచ్చును.

పిల్లల విషయమునను ఇంతే. బెంగుళూరునుండి సెలవులకు వచ్చిన మనుమడు, తళిగ ఎందులకు తాతా అని అడిగినచో, అర్చావతార సౌలభ్యమని ఆరంభించు తాత ఆ పిల్లవానిని చేతిలోని ఫోనువైపు తానే త్రోయుచున్నాడు. మనయింటికి వచ్చిన స్వామికి ఆకలి వేయదా యని అడిగిన చాలును. సౌలభ్యమను పదము లేకయే సౌలభ్యము వానికి తెలిసినది.

తొలగింపవలసిన అడ్డులు కలవు, తొలగింపరాని అడ్డులును కలవు. రావణుడు ఎంత తీయగ మాటలాడినను సీతమ్మ తమ యిరువుర నడుమ ఒక గడ్డిపరకను ఉంచి బదులు చెప్పినది. ఆ గడ్డిపరకను దాటుటకు దశకంఠుని పది నోళ్ళును చాలలేదు. ఎవరితో మాటలాడవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఎవరి మాటను లోనికి రానీయరాదో తెలియుటయు అంత ముఖ్యము. సీతమ్మ అనుమానమును తప్పుగ ఎంచరాదు. ఆమెను నిలిపినది అదియే.

సంప్రదాయజ్ఞులు ఈ ఘట్టమునకు లోపలి అర్థమును చెప్పుదురు. సంసారమను లంకలో చిక్కిన జీవుడే సీత, భగవంతుని సందేశమును గుర్తుతో సహా కొనివచ్చు హనుమంతుడే ఆచార్యుడు. ఆచార్యుడు తన యెత్తునుండి పలికిన జీవునకు అందదు. జీవుని భాషకు దిగి పలుకవలెను. శ్రీరామాయణము చెఱలోనున్న ఆ తల్లి మహిమను చెప్పుటకే వెలసెనని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున సెలవిచ్చిరి.

తిరుగు ప్రయాణమున హనుమంతుని మాట మరల మాఱినది. మహేంద్రగిరిపై ఆతురతతో ఎదురుచూచుచున్న వానరులకు కథ చెప్పుచు కూర్చుండలేదు. చూచితినను మాటను ముందు వేసి, సీత పేరును వెనుక నుంచి, రెండే పదములతో చెప్పెను. ముందు సీత పేరెత్తిన, ఆమెకేమైనదోయని వారి గుండెలు ఆగెడివి. విస్తరమంతయు తరువాత, జాంబవంతుడు అడిగినపుడు చెప్పెను. రామునికి ఏది చెప్పవలెనో, ఏది దాచవలెనో అదియు తెలుపుమని ఆ వృద్ధుడు కోరెను. వానరులకు అంత పెద్ద తల ఉండుట మన భాగ్యము.

ప్రస్రవణగిరిపై రాముని సన్నిధిలో హనుమంతుడు మొదట సీతమ్మ యున్న దక్షిణదిక్కునకు తల వంచి నమస్కరించి, పిమ్మట నోరు తెఱచెను. చూడామణిని ఇచ్చెను. రాముడు దానిని హృదయమునకు హత్తుకొని కన్నీరు కార్చుచు, సీత ఏమన్నది, చెప్పుము, రోగి ఔషధముచే బ్రదుకునట్లు ఆ మాటచేతనే నేను బ్రదుకుదునని పలికెను. హనుమంతుడు క్లుప్తముగ చెప్పియున్న కాకి కథను ఈమారు మొదటినుండి, ఆమె చెప్పినది చెప్పినట్లుగ, మరల చెప్పసాగెను.